పైన ఎండు, లోపల తడి



మా అబ్బాది ఎండు మిర్చి వ్యాపారం. మాచర్ల చుట్టుపక్కల ఊళ్లలో కల్లాల దగ్గరే కాయ కొని గుంటూరు యార్డుకి లారీ ఎత్తిస్తాడు. చిన్నప్పుడు సెలవుల్లో నన్నూ వెంటేసుకుని తిరిగేవాడు. రైతు బస్తా మూతి విప్పితే అబ్బా పైకాయ వైపు చూసేవాడే కాదు. మోచేతి దాకా చెయ్యి లోపలికి దించి, అడుగు నుంచి గుప్పెడు కాయ తీసి, గుప్పిట్లో నలిపేవాడు. గలగలమంటే బేరం మొదలు. మెత్తగా వంగితే మాత్రం నవ్వుతూ, "ఏం బాబాయ్, రాత్రి నీళ్లు కొట్టావా?" అని లేచి నిలబడేవాడు. బరువు కోసం మిర్చి మీద నీళ్లు చల్లే సంగతి పల్నాట్లో తెలియనిదెవరికి?

ఇంటికొచ్చే దారిలో నాకు ఒకటే హదీస్ చెప్పేవాడు. మన నబీ (స.అ.స.) బజారులో ఒక ధాన్యం రాశి దగ్గర ఆగి అందులో చెయ్యి పెట్టారు. వేళ్లకి తడి తగిలింది. ఇదేమిటని అడిగితే వాన పడిందన్నాడు అమ్మేవాడు. మరి ఆ తడిని జనానికి కనబడేలా పైన ఎందుకు పెట్టలేదని మందలించి, ధోకా చేసేవాడు తన వాడు కాదని చెప్పారు. "వ్యాపారంలో మన దీన్ ఇంతే బేటా. తడి ఉంటే పైన పెట్టు" అనేవాడు అబ్బా.

ఆ అబ్బానే కిందటేడాది, నా సంగతి పూర్తిగా తెలిసి కూడా, గురజాల వైపు నుంచి వచ్చిన ఒక రిష్తాకి సరేనన్నాడు. పిల్ల వాళ్లకి నా గురించి ఒక్క ముక్క చెప్పలేదు. "షాదీ అయితే అంతా సర్దుకుంటుంది" అన్నాడు.

నేను గే. మగవాణ్ని, నా మనసు మగవాళ్ల మీదికే పోతుంది. వయసు ముప్పై నాలుగు. నరసరావుపేటలో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్స్ చెప్తాను. జుమ్మా తప్పను, రంజాన్‌లో రోజాలు వదలను. పేరు రాయడం లేదు. రాస్తే రేపు పొద్దున ఉద్యోగం ఉండదు, అద్దె గది ఉండదు. ఆ భయం తప్ప పేరు దాచడానికి వేరే కారణం లేదు.

మా అబ్బా మీద కోపం తీర్చుకోవడానికి ఇది రాయడం లేదు. ఇది ఒక్క మా ఇంటి సంగతే అయితే ఖామోష్‌గా ఉండేవాణ్ని. మన బిరాదరీలో ఎన్ని ఇళ్లలో కొడుకు సంగతి తెలిసీ, కనీసం అనుమానం ఉండీ, పరాయి ఇంటి ఆడపిల్ల గొంతు కోస్తున్నారో మీ మీ ఖాందాన్‌లు ఒకసారి తలుచుకోండి. మనం దాన్ని నికాహ్ అంటున్నాం. నేను దాన్ని ధోకా అంటున్నాను. వలీమా బిర్యానీ వాసన కింద దాచిపెట్టిన ధోకా.

ఒక మాట ముందే చెప్పాలి. ఇక్కడ తడి అంటే నా పుట్టుక కాదు. వాన పడటం ధాన్యం గునా కాదు. దాన్ని అడుగున దాచి, పైన ఎండుది పరిచి అమ్మడం గునా.

నా కళ్లతో చూసిన ఒక ఆపా సంగతి చెప్తాను. ఊరు చెప్పను, ఆనవాలు పట్టే సంగతులేవీ రాయను. పెళ్లయి పదకొండేళ్లు. ఆ దూల్హాభాయ్ మంచివాడు. తాగడు, కొట్టడు, జీతం తెచ్చి చేతిలో పెడతాడు. ఇంట్లో చాప మాత్రం వేరుగా వేసుకుంటాడు. ఆపా మొదట్లో తన రంగు బాగాలేదనుకుంది. తర్వాత ఒళ్లు వచ్చిందనుకుంది. తర్వాత ఎవరో చేతబడి చేశారనుకుని దర్గాల చుట్టూ తిరిగింది. అత్తగారు బాంఝ్ అని నలుగురిలో అంటే తల వంచుకుంది. పిల్లల కోసం ఇంజెక్షన్లు కూడా చేయించుకుంది. ఆమెకి ఏ లోపమూ లేదు. ఆ సంగతి ఆ ఇంట్లో ఆమెకి తప్ప అందరికీ తెలుసు. చివరికి తెలిసిన రోజున ఆమె నాతో ఒకటే అంది: "నా తప్పు కాదని పదకొండేళ్ల కిందటే ఎవరైనా చెప్పి ఉంటే చాలేది తమ్ముడూ."

ఆ దూల్హాభాయ్‌ని తిట్టడం సులువు. పెళ్లి నాడు అతనికి ఇరవై మూడేళ్లు. వాళ్లమ్మ విషం సీసా పట్టుకుని కూర్చుంది. కబూల్ హై అని మూడుసార్లు అన్నాడు. అది కబూల్ అవుతుందా? నికాహ్‌కి ఇద్దరి రజామందీ కావాలి. అతను మజ్బూర్, ఆమెకి అసలు సంగతే తెలియదు. మజ్బూరీకీ బేఖబరీకీ మధ్య మెహర్ రాసి, ఖజూరాలు పంచి వచ్చాం మనం.

నేను ఆలిమ్‌ని కాను, ఫత్వా చర్చ పెట్టడం లేదు. హజ్రత్ లూత్ (అ.స.) కౌమ్ గురించి నాకు గుర్తు చేయనక్కర్లేదు. పన్నెండో ఏట నుంచి రాత్రులు నిద్రపోకుండా చదువుకున్న సంగతి అది. ఉలమా చెప్పేదే పూర్తిగా ఒప్పుకుని మాట్లాడుదాం. "అది ఒక ఇమ్తిహాన్, సబర్ చేయాలి" అంటారు కదా. మంచిది. పరీక్ష నాది. మరి నా పరీక్ష పేపరు మీద పరాయి ఇంటి పిల్ల నెంబరు ఎందుకు వేస్తున్నారు? నేను తప్పితే నేను తప్పుతాను, ఆమెని ఎందుకు ఫెయిల్ చేస్తున్నారు? నన్ను సబర్ చేయమనండి, ఆ హక్కు మీకుందనుకోండి. ఆమెని జీవితాంతం సబర్ చేయించే హక్కు మీకు ఎవరిచ్చారు?

"ఫలానా వాడు కూడా మొదట్లో అలాగే అన్నాడు, ఇప్పుడు ఇద్దరు పిల్లలు" అని ఒక మాట వినిపిస్తుంది. పిల్లలు పుట్టడం మనసు మారిందనడానికి సబూత్ కాదు. కళ్లు మూసుకుని, వేరే ఎవరినో తలుచుకుని, అత్తమామల నోళ్లు మూయించడానికి తండ్రులైన వాళ్లు నాకు తెలుసు. వాళ్ల భార్యలకీ ఏదో ఒక రోజు తెలుస్తుంది.

ఆడపిల్లకి కానూన్ కూడా ఒక దారి చూపించింది. ముస్లిం వివాహాల రద్దు చట్టం 1939 ప్రకారం, సరైన కారణం లేకుండా మూడేళ్లు భర్త కాపురం బాధ్యత నెరవేర్చకపోతే ఆమె కోర్టులో విడాకులు అడగవచ్చు. కాని పల్నాట్లో ఏ తండ్రి కూతుర్ని కోర్టు మెట్లు ఎక్కిస్తాడు? అక్కడ నిలబడి ఆ పిల్ల ఏమని చెప్పుకోవాలి? రోగం వచ్చాక మందు ఎక్కడ దొరుకుతుందో చెప్పడం కాదు, రోగం అంటించడం మానమంటున్నాను.

ఇక "షాదీ అయితే సర్దుకుంటుంది" అన్న మాట. నా పని సైన్స్ చెప్పడం కాబట్టి దీని సంగతి కాస్త వివరంగా చెప్పాలి.

మా ఇంట్లో మొదట తెలిసినప్పుడు తావీజ్ కట్టించారు. తర్వాత ఒక హకీమ్ దగ్గర ఏదో లేహ్యం. ఆ తర్వాత ఒక డాక్టర్. ఆయన నా వైపు చూడకుండా అబ్బాతోనే మాట్లాడాడు. నిద్ర మాత్రలు రాసి, "తొందరగా పెళ్లి చేసేయండి" అన్నాడు. ఆ మాత్రలతో ఆరు నెలలు క్లాసులో తూలుతూ పాఠం చెప్పాను. మనసు మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990 మే 17న దీన్ని రోగాల జాబితా నుంచి తీసేసింది. మన దేశంలో మానసిక వైద్యుల సంఘం 2018లో ఇది జబ్బు కాదని బహిరంగంగా చెప్పింది. మద్రాసు హైకోర్టు 2021 జూన్‌లో ఒక కేసులో, దీన్ని "మారుస్తాం" అనే వైద్యాన్ని నిషేధించమంది. ఆ తర్వాత 2022లో జాతీయ మెడికల్ కమిషన్ అలాంటి వైద్యం చేయడం డాక్టరు వృత్తికి విరుద్ధమని, దాని మీద చర్య తీసుకోవచ్చని రాష్ట్రాల మెడికల్ కౌన్సిళ్లకి రాసింది. మానసిక ఆరోగ్య చట్టం 2017 కూడా, ఒక మనిషి తన సమాజం నీతికీ నమ్మకాలకీ భిన్నంగా ఉన్నాడన్న కారణంతో అతన్ని రోగి అనకూడదంటుంది. అంటే "పెళ్లి చేస్తే తగ్గుతుంది" అని చెప్పే డాక్టర్ నాకు మందు రాయడం లేదు. మీ భయానికి రాస్తున్నాడు.

మరి ఎందుకు వస్తుంది ఇది? 2019లో 4 లక్షల 70 వేల మందికి పైగా మనుషుల జన్యువులు పరిశీలించి ఒక పెద్ద అధ్యయనం వేశారు. "గే జీన్" అని ఒకటి లేదు. ఎన్నో జన్యువుల కొద్దికొద్ది ప్రభావం, వాటితో పాటు ఇంకా పూర్తిగా అంతుపట్టని సంగతులు కలిసి ఉన్నాయి. ఒకే తల్లికి పుట్టిన అన్నలు ఎక్కువ ఉన్నవాళ్లలో ఇది కాస్త ఎక్కువగా కనబడుతుందని ఎన్నో ఏళ్లుగా పరిశోధకులు రాస్తున్నారు. నాకు ముగ్గురు అన్నలు. అలాగని నలుగురు కొడుకులున్న ప్రతి తల్లీ కంగారు పడనక్కర్లేదు, ఆ తేడా చాలా చిన్నది. తల్లి పెంపకంలో లోపం, తండ్రి గారాబం, సెల్‌ఫోన్, సిటీ గాలి అంటూ మనం వేసుకునే లెక్కల్ని మాత్రం ఈ పరిశోధనలు బలపరచలేదు.

మన మాచర్ల గొర్రెకి పేరుంది కదా, దాని జాతి మాటతో చెప్తాను. అమెరికాలో పొట్టేళ్ల మీద చాలా ఏళ్లు పని చేసిన శాస్త్రవేత్తలు, వంద పొట్టేళ్లలో దాదాపు ఎనిమిది ఆడ గొర్రెల్ని పట్టించుకోకుండా మగవాటి వెంటే పోతాయని తేల్చారు. ఈ మాట నేను బక్రీద్ బేరంలో ఒక గొర్రెల కాపరికి చెప్తే ఆయన నవ్వాడు. "దీనికి అమెరికా ఎందుకయ్యా, మా తాత చెప్పేవాడు" అన్నాడు. జంతువు చేసిందల్లా మనిషికి హలాల్ అని నేను అనడం లేదు. అంత తెలివితక్కువ వాణ్ని కాను. ఆ పొట్టేలుకి ఎవడూ సినిమా చూపించలేదు, ఫోన్ కొనివ్వలేదు. ఇది నేర్చుకునే షోకు కాదు అని చెప్పడానికి అంతవరకే దాని సాక్ష్యం. ఆ కాపరి కూడా అలాంటి పొట్టేలుని మంద దాటించడానికి కొనడు. జీవాల విషయంలో ఉన్న ఇన్సాఫ్ కూడా మనకి ఆడపిల్లల విషయంలో లేకపోయింది.

ఇప్పుడు సియాసత్. ఇది రాశానని తెలిస్తే రెండు వైపుల వాళ్లూ నా మీద పడతారు, కాబట్టి ఇద్దరికీ జవాబు చెప్పి పోతాను.

"ఇదంతా అంగ్రేజీ వాళ్ల ఫ్యాషన్" అంటారు మన పెద్దలు. అసలు అంగ్రేజీ వాళ్లు తెచ్చింది శిక్ష. సెక్షన్ 377 మెకాలే కమిషన్ ముసాయిదాలో మొదలై, 1860 శిక్షాస్మృతిలో చేరి, 1862 నుంచి అమల్లోకి వచ్చింది. యావజ్జీవం దాకా వేయవచ్చన్నారు. సరిగ్గా ఆ కాలంలోనే, 1858లో ఉస్మానియా ఖిలాఫత్ రాసుకున్న కొత్త శిక్షాస్మృతిలో, ఇద్దరు పెద్దవాళ్లు ఇష్టపడి నాలుగు గోడల మధ్య ఉన్నందుకు శిక్ష వేసే ఆర్టికల్ లేదు. ఖలీఫా రాజ్యంలో లేని జైలుని లండన్ మనకి పంపింది. 156 ఏళ్లు మనం దాన్ని మన సంస్కృతి అనుకుని కాపాడుకున్నాం.

ఢిల్లీ హైకోర్టు 2009లో వద్దంది, సుప్రీంకోర్టు 2013లో మళ్లీ ఉండాలంది. 2018 సెప్టెంబర్ 6న ఐదుగురు జడ్జీలు ఒకే మాటగా, ఇష్టపడ్డ పెద్దల మీద ఆ సెక్షన్ చెల్లదని తీర్పిచ్చారు. ఆ రోజు నేను పదో తరగతికి కరెంటు పాఠం చెప్తున్నాను. ఇంటర్వెల్‌లో స్టాఫ్ రూంలో ఒక సార్ ఫోన్ చూసి, "ఇంకేముంది, ఇక మగాళ్లు మగాళ్లు పెళ్లి చేసుకుంటారట" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. నేను కూడా నవ్వాను. నా జిందగీలో నేను మరిచిపోలేని సిగ్గు అది. నేను నేరస్తుణ్ని కాదని దేశం చెప్పిన రోజున, నా మీద వేసిన జోకుకి నేనే నవ్వాను.

పెళ్లి హక్కు అడిగిన కేసులో 2023 అక్టోబర్ 17న సుప్రీంకోర్టు ఇవ్వలేమంది. ఆ కేసులో ఎవరెవరు ఎదురు నిలబడ్డారో చూడండి. కేంద్ర ప్రభుత్వం, ఇది భారతీయ కుటుంబ భావనకి సరిపడదంది. మన జమియత్ ఉలమా-ఎ-హింద్ కూడా వ్యతిరేకిస్తూ కోర్టుకి వెళ్లింది. వక్ఫ్ మీద, కామన్ సివిల్ కోడ్ మీద చెరో గట్టున ఉండే ఈ ఇద్దరూ నా దగ్గరికి వచ్చేసరికి ఒకే గట్టు ఎక్కారు. 2024 జులై 1 నుంచి కొత్త న్యాయ సంహిత వచ్చింది. అందులో 377ని మొత్తంగా పీకేశారు. దాంతో పాటు, మగవాడి మీద మగవాడు బలాత్కారం చేస్తే పట్టే సెక్షన్ కూడా పోయింది. నన్ను జైల్లో వేయరు, కాని నా మీద జులుం జరిగితే కేసు పెట్టడానికి పేరు కూడా లేదు. అదే ఏడాది ఆగస్టులో ఆర్థిక శాఖ, మాలాంటి జంటలు బ్యాంకులో జాయింట్ ఖాతా తెరవడానికి అడ్డు లేదని చెప్పింది. ఖాతాలో ఇద్దరి పేర్లు పక్కపక్కన ఉండొచ్చు. ఇంటి తలుపు మీద ఉండకూడదు.

ఇది చదివి "చూశారా సాయిబుల సంగతి" అని చంకలు గుద్దుకునే వాళ్లకి ఒక మాట. మీ ఇళ్లలో జాతకాలు చూసి చేస్తున్నదీ ఇదే. మండపం వేరు, మోసం ఒకటి. నా దర్ద్ నాది. దాన్ని రాయిలాగా మా మొహల్లా మీద విసరడానికి మీ చేతికి ఇవ్వను. నన్ను తేడా అనీ పాయింట్ ఫైవ్ అనీ పిలిచింది మసీదులో ఎవరూ కాదు, మీరూ నేనూ కలిసి టికెట్ కొన్న సినిమా హాల్లో.

మనవాళ్లకీ ఒక మాట. నరసరావుపేటలో గది కోసం తిరిగినప్పుడు, పేరు చెప్పగానే "అయ్యో, నిన్ననే ఇచ్చేశామండీ" అన్న ఇళ్లు నాకు గుర్తున్నాయి. మీకూ గుర్తుంటాయి. బోర్డు అలాగే వేలాడుతుంటుంది, ఇల్లు మాత్రం అయిపోయి ఉంటుంది. పుట్టుకని బట్టి మనిషిని గడప బయట నిలబెట్టడం ఎలా ఉంటుందో మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. మా వంట మాది, మా ఇల్లు మాది, మా దీన్ మాది, మా జోలికి రాకండి అని పొద్దున అడుగుతాం. రాత్రికి ఇంటికొచ్చి కన్నకొడుకుతో అదే పని చేస్తాం. మైనారిటీ అంటే ఏమిటో తెలిసిన వాళ్లం, మన ఇంట్లోనే ఇంకో మైనారిటీ ఉన్నాడంటే ఎందుకంత గుస్సా?

మన పల్నాడు గొప్ప చెప్పుకోవడానికి మాట్లాడితే బ్రహ్మనాయుడి చాపకూడు అంటాం. అన్ని కులాల వాళ్లనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి తినిపించాడంటారు. మన దస్తర్‌ఖాన్ కూడా అదే కదా. రాజూ గులామూ ఒకే పళ్లెంలో చెయ్యి పెట్టే దస్తర్‌ఖాన్ అని ప్రతి జుమ్మాకీ వింటాం. వినుకొండలో పుట్టిన గుర్రం జాషువాని అటు వాళ్లూ ఇటు వాళ్లూ వెలివేస్తే, ఆయన పేరునే ఇప్పుడు మనం కూడళ్లలో పెట్టుకుంటున్నాం. వెలివేయడానికి మనకి తొందర. కలుపుకోవడానికి వందేళ్లు కావాలి.

గురజాల రిష్తా ఏమైందో చెప్పలేదు కదా. మంగ్నీకి పది రోజుల ముందు నేను మా ఖాలా దగ్గరికి వెళ్లాను. అన్నీ చెప్పలేదు. "నాకు పెళ్లి వద్దు ఖాలా. బలవంతంగా చేస్తున్నారు. ఆ పిల్ల వాళ్లకి ఈ ఒక్క మాట చేరవేయి, నీకు సవాబ్ ఉంటుంది" అన్నాను. ఖాలా చాలాసేపు నా మొహంలోకి చూసింది. ఏం అర్థమైందో అడగలేదు, ఆమె చెప్పలేదు. బురఖా వేసుకుని ఆ సాయంత్రమే వెళ్లింది. ఆ పిల్ల తండ్రి గొడవ చేయలేదు. ముందే చెప్పినందుకు షుక్రియా అన్నాడట. ఆ అమ్మాయికి ఈ ఏడాది వేరే చోట నికాహ్ అయింది. అల్లా ఆమెని సుఖంగా ఉంచాలి.

ఆ రోజు నుంచి అమ్మీ నాతో మాట్లాడదు. ఖాందాన్ ఇజ్జత్ తీశానంటాడు అబ్బా. ఈ రంజాన్ ఈద్‌కి నరసరావుపేట ఈద్గాలో నమాజ్ చదివి, ముక్కూ మొహం తెలియని వాళ్లతో గలే మిలాయించి, గదికొచ్చి సేమియా నేనే కాచుకున్నాను. పాలు విరిగిపోయాయి. అలాగే తిన్నాను.

నేను అడిగేది పెద్దదేం కాదు. జెండాలు పట్టమనడం లేదు, ఫత్వా మార్చమనడం లేదు. మూడు సంగతులు.

కొడుకుల అమ్మీ అబ్బాలకి: వాడు "పెళ్లి వద్దు" అంటే ఆ మాట విని ఊరుకోండి. విషం సీసా, గుండెనొప్పి, సాకిన రుణం, వీటితో కబూల్ అనిపించకండి. మీరు కొడుకుని కాపాడుకుంటున్నాం అనుకుంటారు, ఇద్దరు మనుషుల జిందగీ తగలబెడుతున్నారు.

కూతుళ్ల తండ్రులకీ నికాహ్ చదివించే ఖాజీ సాబ్‌లకీ: అబ్బాయి జీతం, పొలం, దుబాయ్ వీసా అడుగుతారు. ఒక్కసారి వాణ్ని పక్కకి పిలిచి, పెద్దలెవరూ లేనప్పుడు, "నీకు ఇష్టమేనా? ఎవరి బలవంతమైనా ఉందా?" అని అడగండి. అమ్మాయినీ అలాగే అడగండి. ఐదు నిమిషాల పని. బస్తాలో చెయ్యి పెట్టి చూడటం మీ హక్కు.

నాలాంటి తమ్ముళ్లకి: ఇంట్లో అంతా చెప్పమని నేను అనను. కొన్ని ఇళ్లలో చెబితే ప్రాణం మీదికి వస్తుంది. ముందు చదువు పూర్తి చెయ్యి, నీ కాళ్ల మీద నిలబడు, నమ్మకమైన ఒక్క మనిషిని చూసుకో. రాత్రి గుండె బరువెక్కితే 14416కి ఫోన్ చెయ్యి, ప్రభుత్వం నడిపే టెలీ మానస్ అది, డబ్బు తీసుకోరు. సంగతి చెప్పకపోయినా పరవాలేదు, "నాకు పెళ్లి వద్దు" అన్న మాట మాత్రం వదలకు. ఆ ఒక్క మాటకి నీకు దమ్ము లేకపోతే, రేపు ఒక ఆడపిల్ల పదకొండేళ్లు దర్గాల చుట్టూ తిరుగుతుంది. అప్పుడు నువ్వు మజ్లూమ్‌వి కావు, జాలిమ్‌వి.

ఈ మధ్య అబ్బా ఫోన్ చేశాడు. మాట్లాడింది తక్కువ. ఈసారి కాయ రేటు పడిపోయిందనీ, కోల్డ్ స్టోరేజీలో పెట్టాననీ చెప్పాడు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "పక్కింటి వాళ్లు నీకు ఇంకో సంబంధం తెచ్చారు. చూద్దాంలే అన్నాను" అన్నాడు.

"పిల్ల వాళ్లకి ఏం చెప్తావు అబ్బా?" అని అడిగాను.

జవాబు లేదు. ఫోన్ కూడా పెట్టేయలేదు.

"నువ్వు నేర్పిందే అడుగుతున్నా" అన్నాను.

"బక్రీద్‌కి ఇంటికి రా" అన్నాడు చివరికి. సంబంధం మాట మళ్లీ ఎత్తలేదు. వెళ్తాను. అమ్మీ వడ్డిస్తే తింటాను, వడ్డించకపోతే ఖాలా ఇంటికి పోతాను. ఎవరి దస్తర్‌ఖాన్ మీద కూర్చున్నా, నా పక్కన ఏ ఆడపిల్లనీ అబద్ధం చెప్పి కూర్చోబెట్టనివ్వను.

ఖుదా హాఫిజ్.